యాంగ్జైటీ ఉన్నవాళ్లను "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడగొచ్చా?

మారతహళ్లి పీజీ: నా రూమ్మేట్‌ది అనంతపురం. యాంగ్జైటీకి మందులు వాడుతున్నాడు. ఈమధ్య రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడు, చేతి వాచీలో గుండె వేగం చూసుకుంటూ కూర్చుంటాడు. నిన్న "ఇలా బతికేకంటే..." అని ఆపేశాడు. సూటిగా అడుగుదామంటే, లేనిపోని ఆలోచన పుట్టించొద్దని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

కడప అన్న: అడగొద్దు తమ్ముడూ. గుండె ఆగిపోతుందేమోనని హడలిపోయేవాడికి చావంటేనే భయం, వాడు ఆ పని చేయడు. అది డిప్రెషన్ వాళ్ల సంగతి. నాలుగు రోజులు ఊరికి పంపు, అదే కుదుటపడుతుంది.

జయనగర్ అక్క: అన్నా, మంచికే చెప్తున్నారు గానీ ఈ మాట నమ్మి ఊరుకుంటే ప్రమాదం. ప్యానిక్, అంటే ఉన్నట్టుండి గుండె దడతో విపరీతమైన భయం, వచ్చినప్పుడు చావంటే భయమే, నిజమే. రోజూ అదే నరకమైతే మాత్రం ఎలాగోలా దాన్నుంచి బయటపడితే చాలనిపిస్తుంది. మా చెల్లి అచ్చం ఈ మాటే అంది.

ఈ వాదన డాక్టర్ల మధ్యా నడిచింది. ప్యానిక్ ఉన్నవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు ఎక్కువని 1989లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వస్తే, అది తోడుగా ఉన్న డిప్రెషన్ వల్లేనని కొందరు వాదించారు. 2005లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం వేలమందిని మూడేళ్లు గమనించింది. మిగతా మానసిక జబ్బులను లెక్కలోకి తీసుకున్నాక కూడా యాంగ్జైటీ ఆ ముప్పును పెంచుతోందని తేల్చింది. డిప్రెషన్ తోడైతే ఇంకా ఎక్కువ. అలాగని యాంగ్జైటీ ఉన్నవాళ్లంతా ఆ దారి పడతారని కాదు, చాలామంది ఎప్పుడూ పట్టరు.

తమ్ముడూ, అడిగితే ఆలోచన పుట్టదు. దీని మీద పరిశోధనలు జరిగాయి, అడగడం వల్ల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. ఫోన్ పక్కన పెట్టి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడుగు. "పిచ్చి పని చేయవుగా?" అనొద్దు, దానికి ఎవరైనా లేదనే చెప్తారు. ఔనంటే ఒంటరిగా వదలకు. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మన బెంగళూరు హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది, దాని ఎమర్జెన్సీ రాత్రీపగలూ ఉంటుంది.

మారతహళ్లి పీజీ: పోలీసు కేసు అవుతుందేమోనని కూడా భయంగా ఉంది అక్కా.

జయనగర్ అక్క: ఆలోచన వచ్చిందని చెప్తే కేసేంటి? ప్రయత్నం చేసినవాళ్లనే తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది.

కడప అన్న: సరేనమ్మా, అడగనీ. కానీ ఊరికి పంపడం తప్పు కాదంటాను, వాళ్లమ్మ దగ్గరుంటే వేరు.

జయనగర్ అక్క: పంపొచ్చన్నా. డాక్టర్‌కి చూపించాక, ఇంట్లోవాళ్లకి విషయం చెప్పి, ఎవరైనా తోడు వెళ్లాలి. రాత్రి బస్సులో ఒక్కణ్ణే ఎక్కించొద్దు.