వసూళ్లు, కొటేషన్లు, బిల్లులు అన్నీ రేపటికే: ఈ వాయిదా నుంచి బయటపడేదెలా?

ప్రశ్న – అట్టపెట్టెల తయారీదారు, విజయవాడ

విజయవాడ శివార్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మిఠాయి దుకాణాలకు, పచ్చళ్ల తయారీదారులకు ఏడాది పొడవునా, నూజివీడు వైపు మామిడి వ్యాపారులకు వేసవిలో పెట్టెలు సరఫరా చేస్తాము. షెడ్డులో ఉన్నంతసేపు బద్ధకమన్నది నా దరికి రాదు. స్టిచింగ్ యంత్రం ఆగిపోతే మెకానిక్ వచ్చేలోగా నేనే విప్పుకుని కూర్చుంటాను. లోడు రాత్రి పొద్దుపోయాక ఎక్కించవలసి వచ్చినా దగ్గరుండి ఎక్కించి పంపుతాను.

చిక్కంతా బల్ల ముందు కూర్చుని చేసే పనులతోనే. పాత బాకీల కోసం ఫోన్ చేయడం, ధర అడిగినవారికి కొటేషన్ పంపడం, బిల్లులు సర్ది జీఎస్టీ చూసే ప్రాక్టీషనరుకు అందజేయడం, ఈ మూడూ ఇవాళ రేపు అంటూ జరిగిపోతుంటాయి. పనుల జాబితా శ్రద్ధగానే రాసుకుంటాను, కాని మర్నాడు అదే జాబితాను తరువాతి పేజీలోకి ఎక్కించడం తప్ప దానితో వేరే ఉపయోగం కలగడం లేదు. అలారం మోగితే ఆపేసి, షెడ్డులోకి వెళ్లి క్రాఫ్ట్ పేపరు రీళ్లు లెక్కపెట్టుకుంటాను, అవి నిన్న లెక్కపెట్టినవే అయినా సరే.

ఆలస్యం అమృతం విషం అన్న మాట మా నాన్నగారి నోట చిన్నప్పటి నుంచీ వింటున్నాను కనుక, దయచేసి దానిని మినహాయించి, పైన అడిగేవారెవరూ లేని మనిషి తనను తాను ఎలా కదిలించుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు – హార్డ్‌వేర్ దుకాణదారు, గుంటూరు

రాత్రి దాకా లోడు దగ్గర నిలబడే మనిషికి బద్ధకం అంటగట్టడం అన్యాయం సోదరా. మీరు చెప్పిన మూడు పనులలోనూ ఎదుటివారి ముందు డబ్బు మాట ఎత్తడమో, అంకె చూసి భయపడడమో ఉంది. యంత్రం విప్పేటప్పుడు ఆ రెండూ లేవు. కాబట్టి మీరు తప్పించుకుంటున్నది పనినా, మొహమాటాన్నా అన్నది ముందు తేల్చుకోండి.

వసూళ్ల సంగతి వరకు నేను చెప్పగలను. బిల్లు ముదిరేకొద్దీ అడిగేవాడి మొహమాటమూ ముదురుతుంది, అందుచేత అందరూ అన్నిటికన్నా పాత బాకీతో మొదలుపెట్టి మొదటి ఫోనుకే నీరుగారిపోతారు. నేను కొత్త బిల్లులతో మొదలుపెడతాను. గడువు దాటి వారం కూడా కాని బిల్లు గురించి అడగడానికి ఎవరికీ సిగ్గు ఉండదు. మా దగ్గర మంగళ, శుక్రవారాలలో డబ్బు చేతి నుంచి వదలని ఖాతాదారులు ఇప్పటికీ ఉన్నారు, బోణీ కాకముందు బాకీ మాట ఎత్తితే చిరాకు పడేవారూ ఉన్నారు. ఇవన్నీ చూసుకుని బుధవారం పదకొండు గంటల తరువాత ఫోన్లకు కేటాయించాను. అడిగే మాట కూడా కాగితం మీద రాసి ఉంటుంది: "నమస్కారమండీ, మొన్నటి బిల్లు మా పుస్తకంలో ఇంకా తెరిచే ఉంది, ఏ రోజున వేయిస్తారో చెబితే రాసుకుంటాను." డబ్బు అడగను, తేదీ అడుగుతాను. తేదీ చెప్పిన మనిషికి తరువాతి ఫోను చేయడం నాకూ తేలిక, ఎత్తడం ఆయనకూ తేలిక.

జవాబు – పన్ను ప్రాక్టీషనరు, రాజమహేంద్రవరం

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట. మీరు ఈ మూడింటిని మూడు వేర్వేరు పనులుగా చూస్తున్నారు గాని, మూడో పని ఆగితే మొదటిది తప్పక చెడుతుంది. మీరు నెలవారీ దాఖలు చేసేవారైతే అమ్మకాల వివరాలు జీఎస్టీఆర్-1 అనే రిటర్నులో మరుసటి నెల 11వ తేదీలోగా వెళ్లాలి. అలా వెళ్లినవే 14న మీ కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బి అనే కొనుగోళ్ల పట్టికలో కనిపిస్తాయి, కనిపిస్తేనే ఆయనకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోలుపై కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, దక్కుతుంది. మీరు బిల్లుల కట్ట 15న తెచ్చి ఇస్తే ఆయన క్రెడిట్ ఒక నెల వెనక్కు పోతుంది. ఆ తరువాత బాకీ కోసం ఫోన్ చేసినప్పుడు "మీ బిల్లు మాకు పోర్టల్‌లో కనిపించలేదండీ, అందుకే చెల్లింపు ఆపాము" అని ఆయన అంటే, ఆ సాకు ఆయన చేతికి అందించినది మీరే అవుతారు. మూడు నెలలకొకసారి దాఖలు చేసే పద్ధతిలో ఉంటే తేదీలు మారతాయి గాని కథ మారదు.

ఇక నెల పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను, జీఎస్టీఆర్-3బి, 20వ తేదీ దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, అమ్మకాలే లేని నెలకైతే 20 రూపాయలు, నగదుగా కట్టవలసిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ. రోజుకు యాభై అంటే ఎవరూ లెక్కచేయరు, నేను చూస్తూనే ఉన్నాను. అయితే వరుసగా రెండు పన్ను కాలాలకు 3బి వేయకపోతే సరుకు బండితో పాటు ఉండవలసిన ఇ-వే బిల్లు తీసే వీలు నిలిచిపోతుంది. మామిడి సీజనులో లోడు ఎక్కించిన బండి గేటు దగ్గర ఆగిపోతే మీ స్టిచింగ్ యంత్రం ఎంత బాగా నడిచినా లాభం లేదు.

నా సూచన ఇది. బిల్లులను నెలాఖరుకు సర్దడం మానండి. ఏ రోజు బిల్లులు ఆ రోజు షట్టరు దించే ముందు ఫోటో తీసి మీ ప్రాక్టీషనరుకు పంపండి, శనివారం నాటికి రాకపోతే ఆయనే మీకు ఫోన్ చేయాలని మాట తీసుకోండి. పైన అడిగేవారు లేరని రాశారు కదా, ఆ అడిగే హక్కును మీరే ఒకరికి అప్పగించాలి.

జవాబు – పూతరేకుల తయారీదారు, ఆత్రేయపురం

అన్నయ్యగారూ, నేను అవతలి వైపు మనిషిని, అంటే పెట్టెలు కొనే మనిషిని. సంక్రాంతికి ముందు మాకు పెట్టెల అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఒక ఏడాది ఒక సరఫరాదారును ధర అడిగితే "సాయంత్రం పంపిస్తానమ్మా" అన్నారు. ఆ సాయంత్రం రాలేదు, ఆ వారమూ రాలేదు. ఆయన పెట్టె గట్టిది, అంచులు చక్కగా కలుస్తాయి, ధర కాస్త ఎక్కువ చెప్పినా ఆయన దగ్గరే తీసుకునేదాన్ని. ధర నచ్చక కాదు, ధర చెప్పకపోవడం వల్లనే వేరొకరి దగ్గరికి వెళ్లాను. ఆయన ఇప్పటికీ నేను ధర తక్కువ చూసుకుని వెళ్లిపోయానని అనుకుంటూ ఉండవచ్చు.

పేపరు ధర పెరుగుతుందేమో, తక్కువ చెబితే నష్టం, ఎక్కువ చెబితే బేరం పోతుంది, ఈ సందిగ్ధంలోనే మీ కొటేషన్లు ఆగుతాయని నా ఊహ. మూడు పొరల పెట్టెకు, ఐదు పొరల పెట్టెకు మీరు ఎక్కువగా చేసే సైజుల ధరలు ఒక పేజీలో వేసి, కింద "ఈ ధర ఏడు రోజుల వరకే" అని ముద్రించి ఉంచండి. అప్పుడు పంపడానికి ఆలోచన అక్కరలేదు, మీరే పంపనక్కరలేదు కూడా. షెడ్డులో ఫోన్ చూసే కుర్రవాడైనా పంపగలడు. అన్నీ స్వయంగా చేయాలన్న పట్టుదల కొటేషన్ల విషయంలో పనికిరాదని నా అభిప్రాయం. వసూలు యజమాని గొంతుతోనే జరగాలి, ఒప్పుకుంటాను.

మా అమ్మాయి మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఫ్యూషియా సిరోయిస్, టిమొథీ పిచిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో రాసిన వ్యాసం గురించి చెప్పింది: వాయిదా అనేది సమయం చాలక వచ్చేది కాదట, ఆ క్షణపు ఇబ్బంది నుంచి మనసును తప్పించడమట. మీ రీళ్ల లెక్క గురించి చదవగానే అదే గుర్తుకు వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రీళ్ల లెక్క దగ్గర నన్ను పట్టేశారమ్మా, నవ్వుకున్నాను. ధరల పేజీ, బుధవారం ఫోన్లు రెండూ పెట్టుకుంటాను. అయితే ముదిరిన బాకీలు కొన్ని ఉన్నాయి, రెండేళ్లు దాటినవి కూడా. కొత్త బిల్లులతో మొదలుపెడితే వీటి మాటేమిటి? వదులుకోవలసిందేనా?

జవాబు – పన్ను ప్రాక్టీషనరు, రాజమహేంద్రవరం

వదులుకోకండి, అయితే వీటిని మాత్రం నానబెట్టడానికి వీలులేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీపై దావా వేయడానికి సాధారణంగా మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల బాకీ ఉన్నట్టు కొనుగోలుదారు రాసి సంతకం చేస్తే అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. కనుక రెండేళ్లు దాటినవారికి ముందుగా బాకీ నిర్ధారణ పత్రం పంపి సంతకం తెప్పించండి. అందులో డబ్బు అడగడం లేదు కనుక మొహమాటమూ తక్కువే.

మీరు తయారీదారులు కాబట్టి ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు, ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చేయించండి, దానికి రుసుము లేదు. ఉంటే ఆ సంఖ్యను ఇకపై ప్రతి బిల్లుపైనా ముద్రించండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కొనుగోలుదారు సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులలోగా, లేకపోతే 15 రోజులలోగా చెల్లించాలి. ఆ గడువు దాటిన మొత్తాన్ని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. అందువల్ల మార్చి నెలలో పెద్ద కొనుగోలుదారుల అకౌంటెంట్లే ఇలాంటి బిల్లులు వెతుకుతుంటారు. మీ బుధవారాలలో మార్చి మొదటి రెండింటిని వారికోసం కేటాయించండి, యజమానికి కాకుండా అకౌంటెంటుకే ఫోన్ చేయండి.