జాన్సన్‌కు మార్కులు: 1968 సర్‌ఛార్జ్ ఏ ఖాతాలోకి?

తిరుపతిలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ సెమినార్‌కి ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పాలనను బేరీజు వేస్తున్నాం. స్వదేశానికి పది, విదేశానికి పది మార్కులు పెట్టి కూడాం. 1965లో ఓటు హక్కు చట్టం, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) తెచ్చినాయన, వియత్నాంలో ఐదు లక్షలకు పైగా సైన్యాన్ని దించినాయన కలిసిపోయి ఎవరో సాదాసీదా ప్రెసిడెంట్ తేలాడు! ముందు సంస్కరణలు, తర్వాత యుద్ధం అని 1965 చివర గీత గీసి రెండు ముక్కలు చేశాం. అదీ కుదర్లేదు: వియత్నాంలో సైనిక చర్యకు అధికారమిచ్చిన టోంకిన్ తీర్మానం 1964 ఆగస్టుది, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించిన చట్టం 1968 ఏప్రిల్‌ది.

అసలు చిక్కు 1968 జూన్ నాటి 10 శాతం ఆదాయపు పన్ను సర్‌ఛార్జ్‌తో. యుద్ధ ఖర్చు, పెరిగిన ధరల వల్ల వేసింది. బదులుగా కాంగ్రెస్ (మన పార్టీ కాదు, వాళ్ల చట్టసభ) 600 కోట్ల డాలర్ల ఖర్చుల కోత పెట్టించింది. రెండు వైపులా రాస్తే ఒకే తప్పుకు రెండుసార్లు మార్కులు కోసినట్టే.

దీన్ని ఏ ఖాతాలో వేయాలి, ఎందుకు?