హైజీన్ కిట్ల ప్యాకింగ్‌లో ప్లాస్టిక్ తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డిజైన్_విద్యార్థి:
అందరికీ నమస్కారం. వరద, తుఫాను, భూకంపం లాంటివి వచ్చినప్పుడు పంచే హైజీన్ కిట్‌కి ప్యాకింగ్ డిజైన్ చేయడం నా ప్రాజెక్టు. సబ్బు, పేస్టు, బ్రష్, ప్యాడ్లు, టవల్, బట్టల సబ్బు, ఒక్కోదానికి ఒక కవరు, మళ్లీ అన్నీ కలిపి ఒక కవరు, దానిపైన అట్టపెట్టె. వారం తిరక్కుండానే ఇదంతా శిబిరం చుట్టూ చెత్తగా పడి ఉంటుంది. ప్లాస్టిక్ మానేసి కంపోస్టబుల్ కవర్లు, అంటే కుళ్లి ఎరువుగా మారేవి, వాడదామని నా ఆలోచన. సరైన దారేనా?

గోదాము_పక్షి:
కంపోస్టబుల్‌తో మొదలుపెట్టకండి. పీఎల్ఏ (మొక్కజొన్న లాంటి పంటల పిండి, చక్కెరలతో చేసే ప్లాస్టిక్) లాంటివి మట్టిలో పడేస్తే కరిగిపోవు, దాదాపు 60 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి. రోడ్లే తెగిపోయిన చోట చెత్త బండే రాదు, ఇక ప్లాంటు ఎక్కడిది? జనం తగలబెడతారు, లేదా కాలువలో వేస్తారు. అదే కాలువ మూసుకుపోతే నీళ్లు నిలిచి దోమలు. కాబట్టి కవరు దేనితో చేశారన్నది తర్వాత, ముందు అసలు ఎన్ని పొరలు అవసరమో లెక్క చూడండి. చిన్న షాంపూ ప్యాకెట్లు తీసేయండి, అవి రెండు మూడు రకాల పొరలు అతికించి చేసినవి, మామూలు రీసైక్లింగ్‌కి పనికిరావు. ప్లాస్టిక్ తప్పదు అనుకున్న చోట ఒకే రకం వాడండి, అంతా పాలిథిన్ లేదా అంతా పాలీప్రొపిలిన్.

ఇంకో మాట, పెట్టె తడిసి సబ్బులు మెత్తబడి, ప్యాడ్లు పాడైతే ఆ కిట్టు మొత్తం చెత్తే. దాన్ని తయారు చేయడానికి, అంత దూరం మోయడానికి అయిందంతా వృథా. అందుకే తడి తగలకుండా ఒక పొర గట్టిగా ఉండాల్సిందే, దానిమీద రాజీ పడొద్దు.

నీటి_మనిషి:
పై మాటతో ఏకీభవిస్తాను. నేనైతే బకెట్టు దగ్గర మొదలుపెడతాను. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం ప్రతి కుటుంబానికి 10 నుంచి 20 లీటర్ల పాత్రలు రెండు ఇవ్వాలి, నీళ్లు తెచ్చుకోవడానికి ఒకటి, నిల్వకి ఒకటి. ఎలాగూ ఇవ్వాల్సిన వస్తువే కదా, మూత ఉన్న బకెట్టునే పెట్టెగా వాడితే బయటి అట్టపెట్టె, పెద్ద కవరు రెండూ అక్కర్లేదు. అదే ప్రమాణాల్లో మనిషికి నెలకి 250 గ్రాముల ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు అని ఉంది. అయిదుగురికి కలిపి రెండుంపావు కిలోలు. చిన్న చిన్న సబ్బులకి బదులు పెద్ద బిళ్లలు ఇస్తే చుట్టే కాగితం ఎంత తగ్గుతుందో మీరే వేసి చూడండి.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. నింపిన బకెట్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి లారీలో మధ్యమధ్య ఖాళీ మిగులుతుంది. ఖాళీ బకెట్లయితే ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. అందుకని సరుకు విడిగా, బకెట్లు విడిగా పంపి, పంచే చోటికి దగ్గర్లో సర్దించడం మేలు. మనుషులు దొరికితేనే సుమా.

తోటి_అక్క:
ప్యాడ్ల గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నాను. ప్యాకింగ్ తగ్గించాలని వాటిని పారదర్శకమైన కవర్లో పెట్టకండి. అందరి ముందూ లైన్లో నిలబడి తీసుకోవాలి, ఒకే టెంటులో మూడు కుటుంబాలు ఉండొచ్చు. లోపలిది కనపడని, తాడు లాగి మూసుకునే గుడ్డ సంచి ఇవ్వండి. ఉతికి వాడే ప్యాడ్లయితే తడివి దాచి తీసుకెళ్లడానికి కూడా అదే పనికొస్తుంది. అయితే ఉతికేవి ఇస్తే నీళ్లు, సబ్బు, ఆరేసుకునే చాటు కూడా ఉండాలి, అవి లేని చోట వాడి పారేసేవే ఇవ్వండి, వాటిని వేయడానికి ఏర్పాటు చూడండి. ఎలా వాడాలో సంచి మీదే బొమ్మలు వేస్తే విడిగా కరపత్రం అక్కర్లేదు, చదువు రాని వాళ్లకీ అర్థమవుతుంది.

డిజైన్_విద్యార్థి:
చాలా థాంక్స్ అండీ. కంపోస్టబుల్ ఆలోచన పక్కన పెట్టి బకెట్టు, గుడ్డ సంచితో గీస్తాను. బట్టల సబ్బుకి మైనం కాగితం సరిపోతుందా?

గోదాము_పక్షి:
మూత గట్టిగా పడితే సరిపోతుంది. నమూనా చేశాక బకెట్టుని వాన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, నడుం ఎత్తు నుంచి కింద పడేసి, అప్పుడు తెరిచి చూడండి.