అమ్మాయి 8వ తరగతి: ఎన్‌సీసీనా, ఖోఖోనా, ఇన్‌స్పైరా? సాయంత్రం బడిలో ఉండనివ్వాలా వద్దా

ఖమ్మం_అమ్మ:
అందరికీ నమస్తే. మా ఊళ్ళో బడి 7 వరకే, అందుకని మా అమ్మాయి ఈ ఏడాది నుంచి మండలంలో జడ్పీ హైస్కూల్‌కి పోతుంది. అక్కడికెళ్ళాక దీనికి అన్నీ కావాలి. ఎన్‌సీసీకి పేరిచ్చొచ్చింది, పరిగెత్తడం చూసి పీఈటీ సార్ ఖోఖోకి రమ్మన్నారంట, సైన్స్ మేడమేమో ఇన్‌స్పైర్‌కి (పిల్లల సొంత సైన్స్ ఐడియాలకి ఇచ్చే అవార్డంట) ఏదన్నా ఐడియా రాసుకు రమ్మందంట. బడి వదిలాక మా ఊరికి బస్సు ఒక్కటే, అది పోతే ఇంక చీకటి పడ్డాకే. టికెట్ బాధ లేదు, మహాలక్ష్మి ఉంది, కానీ బస్సంటూ ఉండాలి కదా. వాళ్ళ నాన్న ఇవన్నీ కాదు ట్యూషన్‌లో వెయ్యి అంటున్నారు. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే ఎంసెట్‌లో సీటు వస్తదని పక్కింటోళ్ళు చెప్తున్నారు, నిజమేనా? మూడిట్లో ఒకటే పట్టుకోమంటే ఏది పట్టుకోవాలి?

ఖాకీ_మాస్టారు:
మేడం, నేను వేరే జిల్లాలో ఎన్‌సీసీ చూసే టీచర్‌ని. హైస్కూల్ పిల్లలది రెండేళ్ళ కోర్సు. మా దగ్గర 8లో తీసుకుని 9 చివర్లో 'ఏ' సర్టిఫికెట్ (ఎన్‌సీసీలో మొదటి మెట్టు) పరీక్ష రాయించేస్తాం కాబట్టి టెన్త్ స్పెషల్ క్లాసులకి అడ్డం రాదు. ఈ ఏడాది వద్దులే వచ్చే ఏడాది చూద్దాం అంటే మాత్రం రెండేళ్ళు టెన్త్‌లోకి పోతాయి, చాలా బళ్ళలో అట్లా తీసుకోరు. 75 శాతం హాజరు ఉండాలి, ఒక క్యాంపు చెయ్యాలి. క్యాంపంటే 10 రోజులు ఇంటికి దూరం, ఆడపిల్లలకి పడుకునే చోటు వేరు, లేడీ స్టాఫ్ ఉంటారు, దాని గురించి భయం పెట్టుకోకండి. పెరేడ్ రోజూ ఉండదు. కొన్నిచోట్ల శనివారం మధ్యాహ్నం పెడతారు, కొన్నిచోట్ల పొద్దున్నే బడికి ముందు, బెటాలియన్ నుంచి పీఐ స్టాఫ్ (డ్రిల్ నేర్పే ఆర్మీ వాళ్ళు) వచ్చేదాన్ని బట్టి ఉంటది. మీ బడిలో ఎప్పుడో కనుక్కోండి, సగం సమస్య అక్కడే తేలిపోద్ది.

ఇక ఎంసెట్ మాట. ఎన్‌సీసీకి 1 శాతం రిజర్వేషన్ ఉన్నది నిజమే, కానీ ఆ లైన్లో ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపు చేసొచ్చినోళ్ళు, బీ, సీ సర్టిఫికెట్లు ఉన్నోళ్ళు ముందుంటారు. రాతపరీక్ష లేకుండా ఆర్మీ ఆఫీసర్ ఇంటర్వ్యూకి పిలిచేది కూడా డిగ్రీలో వచ్చే సీ సర్టిఫికెట్‌కే. ఉట్టి 'ఏ' సర్టిఫికెట్‌ని నమ్ముకుని సీటు వస్తదనుకోలేం. నేను పిల్లల్ని ఎందుకు రమ్మంటానంటే, క్లాసులో హాజరు పలకడానికే సిగ్గుపడే పిల్ల ఏడాది తిరిగేసరికి ప్లటూన్ ముందు నిలబడి గొంతెత్తి సావధాన్ అంటది, అది మేం పాఠం చెప్తే రాదు.

లెక్కలమనిషి:
సార్ చెప్పింది బాగానే ఉంది గానీ ఈ సంవత్సరమే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం స్కాలర్‌షిప్) పరీక్ష ఉందని ఎవరూ గుర్తు చెయ్యట్లేదేంటి. 8లో ఒక్కసారే రాయాలి, పాసై సెలెక్ట్ అయితే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000. మీ ఇద్దరి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, 7లో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం తక్కువున్నా సరే. పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి 90 మార్కులు, సబ్జెక్టులకి 90. ట్యూషన్ అంటున్న ఆయనకి ఇది చెప్పండి, సంవత్సరమంతా ట్యూషన్ ఎందుకు, పాత పేపర్లు తెచ్చి ఇంట్లో చేయించుకోండి. పెరేడ్లు, ఆటలు దీని తర్వాతే అని నా అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి మాస్టారూ.

గ్రౌండ్_సార్:
అక్కా, ఖోఖో గురించి నేను చెప్త. పాప పుట్టినతేదీ చూసుకోండి ముందు. స్కూల్ గేమ్స్‌ల అండర్ 14, 17, 19 అని ఉంటయ్, 8 చదివే పిల్లలకు చానామందికి అండర్ 14ల ఇదే ఆఖరి ఏడాది, వచ్చే ఏడాది అండర్ 17లకు పోతే ఇంటర్ పోరగాళ్ళంత పొడుగున్నోళ్ళతోని ఆడాలె. మండలం, జిల్లా, రాష్ట్రం అని ఒక్కొక్క మెట్టు ఎక్కుడే. ఇగ మనోళ్ళు ఖోఖో అంటే ఊరి ఆట అని తీసేస్తరు, 2025 జనవరిల ఢిల్లీల ప్రపంచకప్ పెడితే మగోళ్ళు ఆడోళ్ళు రెండు టీములు మనయే గెల్చినయ్, రెండు ఫైనళ్ళల్ల నేపాల్‌ను ఓడగొట్టిన్రు. కాని అబద్ధం చెప్పొద్దు, ఆట అంటే దినాం గ్రౌండ్ కావాలె, వారానికి ఓసారి వస్త అంటే పోల్ డైవ్ (స్తంభం పట్టుకుని దూకి అవుట్ చేసుడు) రాదు, మోకాళ్ళు పల్గుతయ్ అంతే. మీ బస్సు తిప్పలు ఎన్‌సీసీతోని కాదు, ఈ ఆటతోనే. పొద్దుగాల గంట ముందు ప్రాక్టీస్ పెట్టమని పీఈటీని అడుగుండ్రి, దూరం ఊర్ల పిల్లలు ఇంకా ఉంటే ఒప్పుకుంటడు.

కరీంనగర్_సైన్స్:
ఇన్‌స్పైర్‌కి సాయంత్రం ఆగాల్సిన పనే లేదు. బడి నుంచి 5 ఐడియాల దాకా ఆన్‌లైన్‌లో పంపుతారు, సెలెక్ట్ అయితే మోడల్ చేసుకోడానికి 10,000 పిల్ల ఖాతాలోకి వస్తాయి, ఆ తర్వాతే జిల్లా ఎగ్జిబిషన్. దయచేసి యూట్యూబ్ చూసి స్మార్ట్ డస్ట్‌బిన్, గుడ్డివాళ్ళ కర్ర పంపకండి, జిల్లా ఎగ్జిబిషన్‌కి పోతే వరసగా అవే టేబుళ్ళు. కొన్ని బళ్ళలో ఐడియా రాసేది సారే, పిల్లకి ఏం పంపారో కూడా తెలీదు, జడ్జి ఇదెందుకు చేశావమ్మా అంటే బిక్కమొహం వేస్తారు. మీ ఇంట్లో మిరపకాయలు ఎండబెట్టుకునేటప్పుడో, నీళ్ళు మోసేటప్పుడో మీకు ఏది ఇబ్బందో పాపనే చూడమనండి, ఆ ఇబ్బంది నుంచి వచ్చిన ఐడియా అయితే అడిగినా చెప్పగలదు.

ఖమ్మం_అమ్మ:
చాలా థాంక్స్ అండి అందరికీ. పొద్దున ఫోన్ చేసి అడిగాను, మా బడిలో పెరేడ్ శనివారమేనంట, ఇంకో ఇద్దరు పిల్లలు కూడా మా రూట్‌లోనే ఉన్నారు, ఆ ఒక్కరోజు ముగ్గురికీ కలిపి ఆటో మాట్లాడుకుంటాం. మిరపకాయల మాట చదివి వినిపిస్తే మా అమ్మాయి కల్లంలో పరిచే పట్టాల గురించి ఏదో గీస్తా కూర్చుంది. ఎన్‌ఎంఎంఎస్ సంగతి విన్నాక వాళ్ళ నాన్న కొంచెం మెత్తబడ్డారు, పేపర్లు ఆయనే తెస్తారంట. ఖోఖో మాత్రం పొద్దున్న పెడితేనే, లేకపోతే లేదు, దానికి అలిగి అన్నం మానేసింది, మధ్యాహ్నానికి తినేసిందిలే.

లెక్కలమనిషి:
హమ్మయ్య. ఇంకొకటి, స్కాలర్‌షిప్ అయినా ఇన్‌స్పైర్ అయినా డబ్బులు ఖాతాలోకే కదా, ఎన్‌సీసీ యూనిఫాం డబ్బులు కూడా ఇప్పుడు అట్లాగే వేస్తున్నారు. పాప పేరు మీద ఖాతా ఇప్పుడే తెరిపించండి. ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు స్పెల్లింగ్‌తో సహా ఒకటే ఉన్నాయో లేదో చూసుకోండి.

ఖమ్మం_అమ్మ:
అయ్యో, ఆధార్‌లో ఇంటిపేరు లేదండి ఉట్టి అక్షరమే ఉంది. సోమవారం మీసేవకి పోతే అవుద్దా?

ఖాకీ_మాస్టారు:
ఆధార్ సెంటర్ ఉన్న మీసేవ అయితేనే అవుద్ది మేడం, అన్నిట్లో చెయ్యరు. ముందు బడిలో బోనఫైడ్ తీసుకుని, పాపని కూడా వెంటబెట్టుకెళ్ళండి, వేలిముద్రలు అడుగుతారు.