లండన్ పెరట్లో కొమ్ముల పెంకుపురుగు: చెట్టు మొద్దు తవ్వించాలా, వద్దా?

పెరటి_పని:
నమస్కారం అండి. మేం సౌత్ లండన్‌లో, క్రోయ్‌డన్ వైపు ఉంటాం. నిన్న రాత్రి తొమ్మిది దాటాక, ఇంకా వెలుతురు ఉండగానే, ఏదో బరువుగా గుయ్యిమంటూ ఎగిరొచ్చి కంచెకు కొట్టుకుని కింద పడింది. చూస్తే ఇంత పెద్ద పెంకుపురుగు! తల, మెడ నల్లగా ఉన్నాయి, వీపు ముదురు గోధుమరంగు, ముందు రెండు కొమ్ములు. స్కేలు పెట్టి చూస్తే కొమ్ములతో కలిపి ఆరు సెంటీమీటర్లు. పెరట్లో పాత ఆపిల్ చెట్టు మొద్దు పుచ్చిపోయి ఉంది, వచ్చే వారం తవ్వించడానికి మనిషిని మాట్లాడాం కూడా. మా అత్తగారు రాజోలు నుంచి వచ్చి ఉన్నారు, ఇది కొబ్బరికి పట్టే కొమ్ము పురుగే, చంపేయమంటున్నారు. పాప ఎప్పుడూ అక్కడే ఆడుకుంటుంది, అదీ టెన్షన్. కరుస్తుందా? మొక్కలు పాడవుతాయా?

పురుగుల_పిచ్చి:
దయచేసి చంపకండి. మీరు చెప్పిన రంగు, సైజు, ఊరు, టైము అన్నీ కలిపి చూస్తే అది మగ స్టాగ్ బీటిల్, శాస్త్రీయ నామం లూకానస్ సెర్వస్. బ్రిటన్‌లో నేల మీద బతికే పెంకుపురుగుల్లో ఇదే పెద్దది, మగవి 7.5 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. మీకు కొమ్ముల్లా కనిపించేవి దవడలు. ఆడదాని కోసం ఇంకో మగదాన్ని పట్టుకుని పక్కకు తోసేయడానికే అవి, వాటితో మనిషిని గట్టిగా కరవలేదు. ఆడదాని దవడలు చిన్నవే అయినా పట్టు ఎక్కువ, దాన్ని మాత్రం పాప చేతికి ఇవ్వకండి.

మొక్కల సంగతికొస్తే, పెద్దయ్యాక ఇది ఆకు ముట్టదు. చెట్టు నుంచి కారే రసం, పండిన పళ్ల రసం కాస్త పీలుస్తుంది, అంతే. దాని బతుకంతా మట్టి కింద, పుచ్చిన చెక్క తింటూ పురుగు దశలోనే గడుస్తుంది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. పైకొచ్చి ఎగిరేది మే నుంచి ఆగస్టు లోపల కొన్ని వారాలు మాత్రమే, ఆ తర్వాత చచ్చిపోతుంది. మీ ఆపిల్ మొద్దు తవ్వించారంటే అన్నేళ్ల పిల్లల్ని ఒక్క పూటలో బయట పారేసినట్టే. ఆ పని ఆపించండి.

కోనసీమ_కొబ్బరి:
మీ అత్తగారి భయం న్యాయమైందే అండి, మా తోటలో దాంతో పడేవాళ్లం. కానీ రెండూ వేరు. కొబ్బరి కొమ్ము పురుగు ఒళ్లంతా నలుపు, దానికి ఒకటే కొమ్ము, తల మీంచి వెనక్కి వంగి ఉంటుంది, కదలదు. మీరు చూసినదానికి జత దవడలు, తెరుస్తుంది మూస్తుంది. కొమ్ము పురుగు మొవ్వులోకి తొలుచుకుపోతుంది, ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కోతలు కనబడతాయి. మావాళ్లు ఇనుప కొక్కెంతో లాగేవారు. దాని పిల్లలు పెంటకుప్పల్లో పెరుగుతాయి కాబట్టి అక్కడ కుప్ప తిరగేసి ఏరేయడం సరైన పనే. ఆ అలవాటు లండన్ మొద్దు మీద చూపించకూడదు.

పెరటి_పని:
థాంక్స్ అండి, అత్తగారికి చదివి వినిపించాను. మొద్దు పక్కన కుండీ జరిపితే మట్టిలో తెల్లటి లావు పురుగు ఒకటి కనబడింది, చుట్టుకుని పడుకుంది, తల నారింజ రంగు. అదేనా?

పురుగుల_పిచ్చి:
చాలా వరకు అదే. కాళ్లు కూడా నారింజ రంగేనా చూడండి, పుచ్చిన చెక్కను ఆనుకునే ఉందంటే ఇంకా నమ్మకం. కంపోస్టులో దొరికి, బయట పెడితే వెల్లకిలా పడి వీపు మీద పాకేది రోజ్ చేఫర్ అనే ఇంకో పెంకుపురుగు పిల్ల, అదీ మంచిదే. మీది తీసిన చోటే పెట్టి మట్టి కప్పేయండి. మొద్దు తీయక తప్పకపోతే, పురుగుల్ని ఆ పుచ్చిన చెక్కతో సహా నీడపట్టున గొయ్యి తీసి పాతండి.

ఇంకోటి, ఒళ్లంతా మసక నలుపుగా, మూడు సెంటీమీటర్ల లోపు కనబడితే అది లెసర్ స్టాగ్ బీటిల్, వేరే జాతి. మీ పెద్దదాన్ని ఫోటో తీసి, పీపుల్స్ ట్రస్ట్ ఫర్ ఎన్‌డేంజర్డ్ స్పీసీస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల సర్వేలో పెట్టండి, 1998 నుంచి జనం చూసినవన్నీ వాళ్లు నమోదు చేస్తున్నారు.

బెంగళూరు_బాటసారి:
మన దక్షిణాదిలోనూ ఈ కుటుంబంవి ఉన్నాయండి. పడమటి కనుమల్లో ఒడొంటోలాబిస్ బర్మైస్టెరి అని, నారింజ పసుపు డొప్పల మీద నల్లచారతో చూడముచ్చటగా ఉంటుంది. దానికీ పుచ్చిన చెక్కే ఆధారం. అందుకే అడవిలో పడిపోయిన మానును వంటచెరకు కింద లెక్కేస్తుంటే నాకు బాధేస్తుంది.

పురుగుల_పిచ్చి:
నిజం. పెరటి_పని గారూ, ఆ మనిషి వస్తే పైన అడ్డొచ్చే కొమ్మలేమైనా ఉంటే కోయించి, వేళ్లు మాత్రం కదిలించవద్దని చెప్పండి. వాన నీళ్ల డ్రమ్ము ఉంటే మూత పెట్టండి, ఈ పురుగులు అందులో పడి మునిగిపోతుంటాయి. పిల్లి ఉంటే ఈ నెలా వచ్చే నెలా చీకటిపడే వేళకి లోపల ఉంచితే మంచిది.