సమస్య: అరగదీసిన కారుకే యందమబ్బు

ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. తేటగీతి నాలుగో పాదం ఇది, దీనికి అతికేలా పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

అరగదీసిన కారుకే యందమబ్బు

ఇది ఎలా పుట్టిందో చెప్తాను. పోయిన నెల తిరుపతిలో మా వీధి చివర అన్నదమ్ములిద్దరు కారు పక్కన నిలబడి గంటసేపు కొట్లాడుకున్నారు. అన్న వ్యాక్స్ కొట్టిద్దామంటాడు, తమ్ముడు పాలిష్ కొట్టిద్దామంటాడు. ఒకే పనికి రెండు పేర్లు పెట్టుకుని వీళ్ళకెందుకీ గొడవ అనుకున్నాం, చూస్తున్న మేమంతా. తీరా కనుక్కుంటే రెండూ వేరు. పాలిష్‌లో కంటికి ఆనని రాపిడి పొడి ఉంటుంది. రంగు మీద గాజులా కనిపించే పై పొర, క్లియర్‌కోట్ అంటారే, దాన్ని అది రవ్వంత గీకి నునుపు చేస్తుంది. వ్యాక్స్ దేన్నీ గీకదు, ఆ పొర మీద ఇంకో పొరగా కూర్చుంటుంది. అంటే ఒకటి తీసేది, ఇంకొకటి వేసేది. ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే ఈ పాదం నోట్లో ఆడింది.

తేటగీతి లెక్క అందరికీ తెలిసిందే: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు), నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదిరే అక్షరం. ప్రాస, అంటే పాదాల్లో రెండో అక్షరం కలవడం, అక్కర్లేదు. ఇచ్చిన పాదంలో అకారానికి యకారంతో యతి కుదిరింది. మూడో పాదం అచ్చుతో ముగిసినా విసంధి, అంటే సంధి కలపలేదు, అని రగడ చెయ్యను. ఇంగ్లీషు మాటలు పడినా పర్వాలేదు, కారే ఇంగ్లీషు.

పలమనేరు మాస్టారు:

సానపై రాయ గంధము సాగి వచ్చు
చింతపండుతో తోమిన చెంబు మెఱయు
పైన మాసిన పొరదీయ పాలిషొకటె
అరగదీసిన కారుకే యందమబ్బు

"పాలిషు, ఒకటె కలిస్తే ఉత్వసంధి. వ్యాకరణం రాసినాయన చూస్తే ఏమనేవాడో గాని నాకు నవ్వొచ్చింది, ఉంచేశాను."

నా మాట: గురువుగారూ, రెండో పాదానికి దండం. చింతపండు పులుపు ఇత్తడి మీద పట్టిన నల్లటి పొరను తినేస్తుంది, చెంబు బయటపడుతుంది. ఎండకు పాలిపోయిన రంగు మీద పాలిష్ చేసేదీ దాదాపు అదే. కానీ పోలిక ఒక్కచోట కుంటుతోంది. అవ్వ తోమిన చెంబును మనవరాలూ తోముకోవచ్చు. కారుకు అంత సరుకు లేదు. క్లియర్‌కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మామూలుగా తల వెంట్రుక కంటే పలచన. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి ఖర్చే తప్ప జమ ఉండదు.

నా సొంత బాధ ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట బానెట్టు మీద సాలెగూడు లాంటి గీతలు పోవాలని ఒక షాపులో వదిలాను. పేరెందుకులెండి. ఆ అబ్బాయి మెషిన్ పట్టుకుని బానెట్టు అంచు మీదే నిలబెట్టాడు. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, అక్కడ మెషిన్ ఆపకూడదు. సాయంత్రం వెళ్ళేసరికి కారు అద్దంలా ఉంది, అంచున మాత్రం రూపాయి బిళ్ళంత బూడిదరంగు మచ్చ. ముట్టుకుంటే గరుకుగా తగిలింది. అది ప్రైమరు, రంగు కింద వేసే పూత. "ముందే ఉండిందేమో సార్" అన్నారు. అరగదీసిన కారుకు నాకబ్బిన అందం అదీ.

శ్రీకాళహస్తి అక్క:

మైనమొక పొర పూసిన మంచి గొడుగు
ఎండకైన వానకునైన నేమి భయము
చెక్కు చెదరని రంగుండ చెప్పనేల
అరగదీసిన కారుకే యందమబ్బు

"మా ఊళ్ళో కలంకారీ గుడ్డకు నీలం ఎక్కించేటప్పుడు, నీలం అంటకూడని చోటల్లా మైనం పూసేవాళ్ళు. మైనం పని కాపలా కాయడం. నా కారు కొని ఏడు నెలలు. దాన్నెందుకు గీకాలి?"

నా మాట: సమస్యను ఒప్పుకోకుండానే పూరించింది చూడండి. 'చెప్పనేల' అనే ఒక్క మాటతో పాదం మొత్తం ఎదుటివాడి నోట్లోకి వెళ్ళిపోయింది. విషయమూ సరైనదే, రంగు బాగున్న కొత్త కారుకు పాలిష్ అనవసరం. రెండో పాదంలో మాత్రం కాస్త ధీమా ఎక్కువైందక్కా. మంచి వ్యాక్సుల్లో వాడే కర్నూబా బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పుట్టే మైనం. అది కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి, కాబట్టి మన మే నెల ఎండకు కారిపోదు. కానీ ఎండా, వానా, షాంపూ కలిసి దాన్నే అరగదీస్తాయి. కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. మళ్ళీ పూసుకోవాలి. కాకిరెట్ట పడితే గొడుగుంది కదా అని వదలొద్దు, ఎండలో గంటలు గడిస్తే మచ్చ దిగుతుంది. మామిడి చెట్టు కింద పెట్టే అలవాటున్న చిత్తూరోళ్ళకు జిగురు సంగతి నేను చెప్పాలా.

రేణిగుంట తమ్ముడు (మొదటి ప్రయత్నం, తిట్టొద్దండీ అని రాశాడు):

గీతలన్నియు మైనాన మాయమయ్యె
కొత్త కారులా మెరిసెను కొద్ది సేపు
పొరుగువారలు జూచిరి పొద్దుదనుక
అరగదీసిన కారుకే యందమబ్బు

పలమనేరు మాస్టారు: "నాయనా, గణాలు నాలుగు పాదాల్లోనూ నిలబడ్డాయి, అది చిన్న పని కాదు. మొదటి పాదం విడగొట్టి చూడు: గీత, లన్నియు, మైనాన, మాయ, మయ్యె. మొదట 'గీ', నాలుగో గణం మొదట 'మా'. గకారానికీ మకారానికీ చుట్టరికం లేదు. యతి తప్పింది. ఇక పైమూడు పాదాల్లో మైనం పూసి, చివర అరగదీశానంటే ఎలా? సమస్య అతకలేదు."

నా మాట: యతి తప్పింది, నిజమూ తప్పింది తమ్ముడూ. వ్యాక్స్ గీతను చెరపదు. కొన్ని వ్యాక్సులు సన్న గీతల్లో నిండి కనపడకుండా చేస్తాయి, నాలుగు కడుగుళ్ళకు మళ్ళీ తేలతాయి. నీ రెండో పాదంలో 'కొద్ది సేపు' అన్నావే, తెలిసి రాసినా తెలియక రాసినా అక్కడ మాత్రం నిజం పలికింది. మొదటి పాదం ఇలా మార్చుకుంటావా:

గీత చెరగదు మైనాన గీచి చూడు

గీచి చూడు అన్నది ఊరికే యతి కోసం కాదు. గీత మీద అడ్డంగా గోరు నడిపించు, మెల్లిగా. గోరు జారిపోతే పాలిష్‌తో పోయే గీత. గోరు తట్టుకుందంటే అది క్లియర్‌కోట్‌లోకి లోతుగా దిగింది. దాన్ని పాలిష్‌తో పోగొట్టాలని చూస్తే గీతతో పాటు పొర కూడా పోతుంది, అక్కడ పెయింటు పనివాడే గతి.

రేణిగుంట తమ్ముడు: "ఇప్పుడే పోయి చూసినా అన్నా. రెండు జారినాయి, ఒకటి తట్టుకుండాది. డోరు మీద. గేటు రాసుకున్నది."

చిత్తూరు బాబాయ్:

పీచుతో రుద్దె మావాడు పెద్ద కారు
పసుపు కుంకుమ మరకల పైనఁ బడుచు
నాకు వచ్చిన కోపాన నవ్వి యంటి
అరగదీసిన కారుకే యందమబ్బు

"కాణిపాకంలో పూజ చేయించి ఇంటికి తెచ్చినాం. మరుసటి రోజు పొద్దున నేను లేచేలోపల మా కొడుకు కొబ్బరిపీచు, గిన్నెల సబ్బు పట్టుకుని బానెట్టు మీద కూర్చున్నంత పని చేసినాడు. నాయినా కారు తోమినా అని సంబరం. ఏమనాలి?"

నా మాట: బాబాయ్, 'కోపాన నవ్వి యంటి' దగ్గర రెండుసార్లు ఆగాను. వెటకారంగా అన్న మాటగా సమస్యను తిప్పడం పాత దారే, కానీ దాని వెనక మనిషి కనపడుతున్నాడు. 'పైనఁ బడుచు'లో పిల్లాడి ఒళ్ళంతా కనపడుతోంది. ఒక్క పేచీ: 'పెద్ద కారు'లో 'పెద్ద' యతి కోసం వచ్చి కూర్చున్నట్టుంది. మరీ చిన్న కారైతే చెప్పండి, ఒప్పుకుంటాను. ఇక బానెట్టు సంగతి. పీచు గీతలు సన్నవైతే పాలిష్ చేయించాల్సింది మీ కారుకే. ఈసారి బొట్లు పెట్టక ముందే వ్యాక్స్ పూసి ఉంచండి, పసుపు సులువుగా కడుక్కుపోతుంది. కడగడానికి కార్ల షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గిన్నెల సబ్బు ఉన్న వ్యాక్సును కూడా ఊడ్చేస్తుంది.

చిత్తూరు బాబాయ్: "ఆల్టో."

కుప్పం గ్రానైట్ సామి:

రాయి యద్దమౌ మెషినుపై రాపిడులకు
పాలిషైనాక మైనమ్ము పైనఁ బూయ
మెఱుపు వానకు నెండకు మిగిలియుండు
అరగదీసిన కారుకే యందమబ్బు

"మా ఫ్యాక్టరీలో పలకను గరుకు రాయితో మొదలుపెట్టి నున్న రాయి దాకా వరసగా మారుస్తాం. నున్నదానితో మొదలుపెడితే గరుకు పోదు, గరుకుదానితో ఆపేస్తే మెరుపు రాదు. కారుకు మాత్రం ఎదురు లెక్కన పోవాలి సామీ. తక్కువ గీకేదానితో మొదలుపెట్టి చూడాల. దాంతో సరిపోతే అక్కడే ఆపాల."

నా మాట: నాకు ఈ వారం ఎక్కువ నచ్చింది ఇదే. అన్నదమ్ముల తగువు రెండో పాదంలో తీరిపోయింది. కడుగుడు, పాలిష్, ఆపైన వ్యాక్స్. ఈ వరస తిరగబడితే పూసిన వ్యాక్సును పాలిష్ గీకి పారేస్తుంది. రెండూ నీడలో, బానెట్టు చల్లబడ్డాకే. 'మైనమ్ము' మాత్రం గణం కోసం సాగదీసినట్టుంది, చెవికి కొంచెం అడ్డం పడుతోంది. మాస్టారు వెనకేసుకొస్తారని తెలుసు.

పలమనేరు మాస్టారు: "వస్తాను. పద్యంలో మైనమ్ము అనక మైనం అంటారటయ్యా?"

శ్రీకాళహస్తి అక్క: "నా కారు పాతబడ్డాక సామి పద్యం పట్టుకుని షాపుకు పోతా. అప్పటిదాకా నాదే."

అన్నట్టు, ఆ అన్నదమ్ములు చివరికి ఏమీ కొట్టించలేదు. నిన్న చూస్తే తమ్ముడు కారు మీద వేళ్ళతో దుమ్ములో పేరు రాస్తున్నాడు.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, తమ్ముడి డోరు చూశాక తట్టింది:

గీత లేని కారు గీత చెప్పె

రెండు గీతలకూ ఒకే అర్థం పెట్టుకొస్తే ఒప్పుకోను.