చిన్నప్పటి పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదివితే అది చదవడం కిందకి వస్తుందా?

కొబ్బరితోట: నాకు యాభై నాలుగండి, ఉండేది అమలాపురం దగ్గర. రాత్రి పాత చందమామ బైండు ఒకటి తెరవకపోతే నిద్ర పట్టదు. మొన్న పండక్కి వచ్చిన మా అమ్మాయి "ఇది చదవడం కాదు నాన్నా, చప్పరించడం" అనేసింది. కొత్త పుస్తకాలు కొంటాను గానీ నలభై పేజీలు దాటవు. మీరేమంటారు?

ఏటిగట్టు: మీ అమ్మాయి కరెక్టుగా చెప్పిందండి. మీకు ఇష్టం ఆ కథలు కాదు, మీ పదేళ్ళ వయసు. భేతాళుడు అడిగేలోపే జవాబు మీకు తెలుసు, ఇంక చదివేదేటి?

పుల్లేటికుర్రు: నేను వపా, అదే వడ్డాది పాపయ్య, బొమ్మలు చూట్టానికే తీస్తా, కథలెవడు చదివాడు

కొబ్బరితోట: జవాబు తెలిస్తే చదవకూడదంటే రామాయణం ఎవరూ ముట్టుకోరు కదండీ. 86 వరదలో మా ఇంట్లోకి నడుంలోతు నీళ్ళొస్తే మా నాన్న బియ్యం బస్తా కూడా వదిలేసి ముందు ఈ బైండ్లున్న ట్రంకు పెట్టె అటకెక్కించాడు, అమ్మ ఆ బియ్యం సంగతి చచ్చేదాకా దెప్పుతూనే ఉంది, అది వేరే విషయం. అసలా భాష చూడండి, కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో పోయేదాకా దిద్దిన భాష, ఒక్క మాట తీయలేం. తోకచుక్క సీరియల్ ఆయన రాసిందే, ఇప్పటికీ ఏకబిగిన లాగేస్తుంది.

ధవళేశ్వరం: తోకచుక్క దాసరి సుబ్రహ్మణ్యం గారిదండి, 1954. సీరియళ్ళకి పేరు వేసేవారు కాదు.

కొబ్బరితోట: మా నాన్న కుటుంబరావు గారిదనే చెప్పేవాడండి.

ధవళేశ్వరం: మీ నాన్నగారి మీద గౌరవమేనండి. కానీ తర్వాత పుస్తకాలుగా వేసినప్పుడు సుబ్రహ్మణ్యం గారి పేరే వేశారు.

కొబ్బరితోట: దిద్దిందెవరు మరి? దిద్దితే సగం రాసినట్టే.

ధవళేశ్వరం: ఆ లెక్కన మా తెలుగు మాస్టారు నా పరీక్షలన్నీ ఆయనే రాశారు.

ఏటిగట్టు: ఎవరు రాస్తే ఏటండి, అడిగింది అది కాదు కదా. నలభై ఏళ్ళుగా అదే ట్రంకు పెట్టె చుట్టూ తిరుగుతున్నారు, దానికి భాష అనీ సాహిత్యం అనీ పేర్లు.

కొబ్బరితోట: చిన్నప్పుడు ఇంట్లో పుస్తకం లేనోళ్ళకి ఈ రుచి ఎంత చెప్పినా అర్థం కాదులెండి.

పుల్లేటికుర్రు: ఆయ్, ఆ మాట బాలేదండి

ఏటిగట్టు: లేదు. ఒక్కటీ లేదు. మా నాన్న పాలేరు. ఆ రైతు గారి మండువా ఇంట్లో కిటికీ పక్కనే ఉండేవి మీలాంటి బైండ్లు, నేను అరుగు కింద నించుని చూసేవాణ్ణి, ఓసారి చెయ్యి పెడితే చేతులు కడుక్కున్నావా అన్నారు, కడుక్కునొస్తే లోపల పెట్టేశారు. నేను చదివిన చందమామ బజ్జీల పొట్లం. సగం భేతాళ కథ, ప్రశ్న దగ్గర చిరిగిపోయింది. పదిహేనేళ్ళకి శాఖా గ్రంథాలయంలో మెంబరయ్యాక దొరికిందల్లా చదివాను, ఇప్పటికీ కొత్తవే చదువుతాను, వెనక్కెళ్ళడానికి నాకేటుంది? మన చిన్నప్పటి పుస్తకాలు అంటారే, ఆ మనలో నేను లేనని ఒప్పుకోండి, చాలు.

(రెండ్రోజులు ఎవరూ రాయలేదు.)

కొబ్బరితోట: ఆ మాట అనకూడదండి, తప్పే. మా ఇంట్లో కూడా పాలేర్లుండేవారు, వాళ్ళ పిల్లలు మా పుస్తకాలు అడిగారో లేదో కూడా నాకు గుర్తులేదు. పొట్లంలో కథ ఏదో చెప్పండి, వెతుకుతాను.

ఏటిగట్టు: అక్కర్లేదండి.

ఏటిగట్టు: మంచం మీద ముసలాయన, ఇద్దరు కొడుకులు, పెద్దోడి చేతిలో తాళంచెవి. రాజు ఏం జవాబు చెప్పాడో తెలీదు.

పుల్లేటికుర్రు: బొమ్మ కింద శంకర్ అని సంతకం ఉందా

ఏటిగట్టు: అక్కడ నూనె మరకండి.

కొబ్బరితోట: 1975 నుంచి మొదలెట్టాను. ఇద్దరు కొడుకుల కథలు రెండు తగిలాయి గానీ వాటిలో తాళంచెవి లేదు. 76 బైండు పైన అటక మీదుంది, రేపు అబ్బాయి చేత దింపిస్తాను.